బావగారి ఉన్ని సాక్సులు

మా బావగారి ఎడమకాలి చిటికెన వేలు మా అక్క అజాగ్రత్త వల్ల పోలేదు. నా వల్ల పోయింది. రేపల్లెలోనూ బాపట్లలోనూ మా బంధువులు దీన్ని తలకిందులుగా చెప్పుకుంటారు. అక్క ఇంట్లో ఉండి కూడా కాలు చూసుకోలేదట, నేను సమయానికి వెళ్ళి కాలు దక్కించానట. ఆ మాట మొదటిసారి పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కాదనలేదు. తర్వాత ఏడాది పాటు ఎవరు ఆ మాట అన్నా నేను కాదనలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను తెనాలిలో ఉంటాను. దగ్గర్లోని ఒక పల్లె హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. వయసు యాభై మూడు. స్కూల్లో పీఈటీ సార్‌ని, మా బావగారి నోట డ్రిల్లు మాస్టారిని. కొన్నేళ్ళ కిందట నాకు మడమ నొప్పి పట్టుకుంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే కింద మేకు ఉన్నట్టుండేది. మెత్తటి బూట్లు మార్చాను. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి పాదం కింద దొర్లించాను. చివరికి ఎవరో పంపిన వీడియో చూసి పలచటి అడుగున్న బూట్లు తెప్పించుకున్నాను. వాటి అడుగు అట్టముక్కంత మందం. మడమ దగ్గర ఎత్తు ఉండదు. ముందు భాగం వెడల్పుగా ఉండి వేళ్ళు విడివిడిగా పరుచుకుంటాయి. గులకరాయి మీద అడుగు పడితే గులకరాయేనని కాలికి తెలుస్తుంది. ఐదారు నెలల్లో నొప్పి తగ్గింది. ఆ బూట్ల వల్ల తగ్గిందో, దానంతటదే తగ్గిందో నాకు ఇప్పటికీ తెలియదు. బూట్ల వల్లే తగ్గిందని మాత్రం పొద్దున్నే నాతో కాలవగట్టు మీద నడిచేవాళ్ళందరికీ చెప్పాను.

"ఏంటి మాస్టారూ, కాళ్ళకి అట్టముక్కలు కట్టుకొచ్చారు?" అని మొదట్లో నవ్వారు. "బూటు కొనుక్కోవడం దేనికి, అది లేనట్టుండటం దేనికి? వట్టికాళ్ళతో నడిస్తే పోలా?" అన్నాడు ఒక రైస్‌మిల్లు గుమాస్తా. ఆ గుమాస్తాయే మూడు నెలలకి ఒక జత కొన్నాడు. తర్వాత ఇంకో ఐదుగురు. వాట్సాప్‌లో ఒక గ్రూపు తయారైంది, దానికి నేనే పెద్దని. పాతికేళ్ళు పిల్లల చేత కుడి ఎడమ వేయించిన మనిషిని. పెద్దవాళ్ళు నా మాట విని నడవడం అదే మొదలు. ఆ రుచి మరిగాను.

డెల్టాలో చలేంటండి అనేవాళ్ళు డిసెంబరులో పొద్దున్నే తెనాలి ప్లాట్‌ఫారం మీద పలచటి అడుగుతో నిలబడి చూడాలి. పొలాల మీంచి మంచు కమ్ముకొస్తుంది. సిమెంటు చల్లదనమంతా పాదంలోకి ఎక్కుతుంది. అందుకని మొదటి చలికాలం నూలు సాక్సులు వేశాను. నడిచినంతసేపూ బాగుండేవి, ఆగగానే లోపలి చెమట చల్లబడి తడిగుడ్డ చుట్టినట్టయ్యేది. తర్వాత దళసరి ఉన్నివి వేశాను. అప్పుడు బూటు ఇరుకైంది. వేళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కాయి, రక్తం ఆడక పాదం మునుపటికంటే చల్లబడింది. చివరికి పలచటి ఉన్నివి దొరికాయి. అవి కుదిరాయి. దీన్నిబట్టి ఒక సూత్రం చేసుకున్నాను. సాక్సు మందం పెరిగితే బూటు సైజు కూడా పెరగాలి, లేదంటే పలచటి సాక్సుతో సరిపెట్టుకోవాలి. రెండూ వేసుకున్నాక చిటికెన వేలు లోపల కదలాలి. కదలకపోతే ఎంత మంచి ఉన్ని అయినా దండగే. ఈ మాట కాలవగట్టు మీద పదిసార్లు చెప్పి ఉంటాను. కనుక తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు.

మా బావగారు రేపల్లెలో ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. అక్కడి మా లూథరన్ సంఘంలో ఆయన ఒక పెద్ద. పండగ ఆరాధనల్లో బైబిలు పాఠం చదివేది ఆయనే. పద్దెనిమిదేళ్ళుగా షుగరు. రెండు చలికాలాల కిందట, నవంబరులో ఒకరోజు ఫోన్ చేశారు.

"డ్రిల్లు మాస్టారూ, నా కాళ్ళు ఐసుగడ్డలైపోతున్నాయోయ్. నీ అట్ట బూట్లు నాక్కూడా పనికొస్తాయా?"

ఆయన పాదాలు ముట్టుకుంటే మామూలు వెచ్చదనమే ఉండేది. చల్లదనం నరాల్లో ఉంది, చర్మంలో కాదు. అది షుగరు వల్ల వచ్చిన తిమ్మిరనీ, అలాంటి కాలికి కొత్త బూటు తొడిగే ముందు డాక్టరుని అడగాలనీ నాకు తెలుసు.

"ఎందుకు పనికిరావు బావగారూ, భేషుగ్గా పనికొస్తాయి" అన్నాను.

కొలత పంపించమన్నాను. మా వైపు పిల్లలకు చెప్పులు కొనాలంటే పిల్లల్ని బజారుకు తీసుకెళ్ళేవాళ్ళు కాదు. చీపురులోంచి ఒక పుల్ల లాగి, పాదం కింద పెట్టి, మడమ నుంచి బొటనవేలి కొస దాకా తుంచేవాళ్ళు. ఆ పుల్ల జేబులో వేసుకుని షాపుకెళ్ళేవాళ్ళు. అక్క ఇప్పటికీ అదే చేస్తుంది. పొద్దున్నే బావగారు కాఫీ తాగుతుండగా కొలిచి, పుల్లని కాగితంలో చుట్టి, తెనాలి వస్తున్న పక్కింటాయన చేతికిచ్చింది. నేను దాన్ని స్కేలు పక్కన పెట్టాను. ఇరవయ్యారు సెంటీమీటర్లు. ఫోన్లో బూట్ల పట్టిక తెరిచి, ఇరవయ్యారుకు ఏ నంబరుంటే ఆ నంబరు తెప్పించాను.

పుల్లకి పాదం పొడవే తెలుసు. వెడల్పు తెలియదు. షుగరున్న కాలు సాయంత్రానికి పొంగుతుందని తెలియదు. పైన ఎంత మందం సాక్సు వస్తుందో తెలియదు. పుల్లకి తెలియనివన్నీ నాకు తెలుసు. అయినా పుల్ల మాటే తీసుకున్నాను, ఎందుకంటే ఆ పద్ధతిలో మా ఇంట్లో ఎవరి చెప్పుల కొలతా ఎప్పుడూ తప్పలేదు. చెప్పుల్లోకి సాక్సులు వేసుకోరన్న సంగతి తట్టలేదు.

ఏటా చలికాలంలో ఉత్తరాది నుంచి కొన్ని కుటుంబాలు వచ్చి మా ఊళ్ళో రోడ్డు పక్కన తాళ్ళు కట్టి స్వెట్టర్లు అమ్ముతాయి. సాక్సులు అక్కడ కొన్నాను. కొట్టామె ఒక పలచటి జత, ఒక దళసరి జత నా ముందు పెట్టింది.

"ఎవరికి సార్?"

"పెద్దాయనకమ్మా. బూట్లలోకి."

"బూట్లు వదులా, బిగువా?"

"బూట్ల సంగతి నాకు చెప్పక్కర్లేదులే" అని నవ్వాను.

"బిగువైతే ఇది" అని ఆమె పలచటి జత ముందుకు జరిపింది.

నేను దళసరిది తీసుకున్నాను. కారణం చిన్నది, చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సింది. పలచటి జత మడిస్తే అరచేతిలో ఇమిడిపోయింది. క్రిస్మస్ నెలలో బావగారి చేతిలో అది పెడితే ఏం బాగుంటుంది? దళసరి జత కుందేలు పిల్లంత ఉంది. ఏదో ఇచ్చినట్టు కనపడుతుంది.

డిసెంబరు మొదటి ఆదివారం రేపల్లె పాసింజరెక్కి వెళ్ళాను. ఆరాధన నుంచి వచ్చాక బావగారిని వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి, సాక్సులు నేనే తొడిగాను, బూట్లు నేనే తొడిగాను. కాస్త తోయాల్సి వచ్చింది.

"ఎక్కడన్నా నొక్కుతోందా బావగారూ?"

"లేదోయ్. దూదిలో పెట్టినట్టుంది."

తిమ్మిరెక్కిన కాలిని నొక్కుతోందా అని అడిగాను. అలవాటు కొద్దీ బూటు పక్కన బొటనవేలితో తడిమాను. ఎడమ బూటులో చిటికెన వేలు మడతపడి అంచుకు ఆనుకున్నట్టు చేతికి తగిలింది. ఆ వేలు కదపమన్నాను. కదుపుతూనే ఉన్నానన్నారు. నా చేతి కింద ఏమీ కదల్లేదు.

అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. "బిగువుగా లేవట్రా?" అంది.

"ఉన్ని కదక్కా. వాడగా వాడగా అణుగుతుంది."

బావగారు వీధిలో అటూ ఇటూ నడిచి చూపించారు. నేను ఫొటో తీసి అక్కడికక్కడే గ్రూపులో పెట్టాను. 'మా బావగారు, అరవై ఏడేళ్ళు, పద్దెనిమిదేళ్ళుగా షుగరు, చూడండి ఎలా నడుస్తున్నారో' అని కింద రాశాను. తెనాలి చేరేలోపు గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు.

బుధవారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది. నేను స్కూలు గ్రౌండులో ఖోఖో ఆడిస్తున్నాను.

"తమ్ముడూ, సాక్స్ తీస్తే చిటికెన వేలి పక్కన ఎర్రగా కమిలిందిరా. బూట్లు మానిపించేదా?"

"అది సాక్సు అచ్చక్కా. మొదట్లో అందరికీ పడుతుంది."

"అచ్చయితే కాసేపటికి పోవాలి కదా. పొద్దున కూడా ఉంది."

దానికి నేనన్నది అక్షరం మార్చకుండా రాస్తాను. "నువ్వూరికే కంగారుపడి ఆయన్ని కంగారుపెట్టకు. ఇప్పుడు మానేస్తే అలవాటు తప్పుతుంది. ఇంట్లో కూడా సాక్సులు విప్పొద్దను. వెచ్చగా ఉంటే రక్తం ఆడుతుంది, ఎరుపు అదే పోతుంది."

"సరేరా. నీకు తెలిసినంత నాకేం తెలుసు" అంది.

ఫోన్ పెట్టేసిన నిమిషంలోనే బెరుకు పుట్టింది. మళ్ళీ చేసి, విప్పేసెయ్ అక్కా అనొచ్చు. కానీ అంటే గ్రూపులో ఆ ఫొటో సంగతి ఏం చెప్పాలి? గుమాస్తా ఊరుకుంటాడా? గురువారం చేద్దామనుకున్నాను. శుక్రవారం అనుకున్నాను. శనివారానికి, తగ్గింది కాబట్టే అక్క మళ్ళీ చెయ్యలేదని నాకు నేనే చెప్పుకున్నాను. అక్క చెయ్యకపోవడానికి కారణం అది కాదు. నేను విప్పొద్దన్నాను, తను విప్పనివ్వలేదు, స్నానం కూడా కాళ్ళు తడవకుండా చేయించింది. చూడటానికి ఏమీ లేకుండా నేనే మూసిపెట్టాను.

ఆ ఫోను తర్వాత పదో రోజు, మళ్ళీ శనివారం, క్రిస్మస్ బట్టలు తీసుకుని రేపల్లె వెళ్ళాను. వసారా ఎక్కగానే వాసన కొట్టింది.

"ఎలకేదో చచ్చినట్టుందోయ్. పొద్దున్నుంచీ మంచాల కింద, బీరువా వెనక అంతా వెతికాం" అన్నారు బావగారు. కుర్చీలో కూర్చుని ఉన్నారు. కాళ్ళకి బూట్లున్నాయి.

నేను కింద కూర్చుని బూటు విప్పాను. ఎడమ సాక్సు వేలికి అంటుకుపోయి రాలేదు. అక్క గోరువెచ్చటి నీళ్ళు తెచ్చింది. తడిపి, తడిపి, తీశాం. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావగారు వంగి చూసుకుని, "ఇది నా కాలేనా?" అన్నారు. అంత పుండు చూసి కూడా ఆయన ముఖంలో ఎక్కడా నొప్పి లేదు. ఆశ్చర్యం ఒక్కటే ఉంది.

కారు మాట్లాడి బాపట్ల తీసుకెళ్ళాం. అక్కడ బావగారి అక్కయ్య ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు, ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. అక్క ఆమెను వదినగారంటుంది, నేనూ అలాగే పిలుస్తాను. ఆసుపత్రిలో చేర్పించింది ఆమే. డాక్టరు కాలు చూసి, రోజూ ఏం వేసుకుంటారని అడిగాడు. "బూట్లండి. మా బావమరిది తెచ్చాడు, చాలా మెత్తగా ఉంటాయి" అన్నారు బావగారు. డాక్టరు, "ఏదైనా ఎక్కడో అక్కడ నొక్కుతుందండి. రోజూ పాదం చూసుకుంటే మొదటి రోజే ఆపేయొచ్చు. చూడకపోవడమే జరిగిన తప్పు" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఏడాది నెట్టుకొచ్చాను.

మర్నాడు కాక ఆ మర్నాడు వేలు తీసేశారు. కాలు దక్కింది. ఆసుపత్రి వరండాలో బల్ల మీద అక్క, నేను కూర్చుని ఉన్నాం. వదినగారు వచ్చి అక్క ముందు నిలబడింది.

"ఎన్ని రోజులైందమ్మా నువ్వు ఆ కాలు చూసి?"

అక్క బల్ల మీంచి లేవబోయింది.

"ఎన్నిసార్లు చెప్పాను నీకు? పొద్దున ముఖం కడుక్కున్నట్టే పాదం తిప్పి చూడాలని చెప్పానా లేదా? ఇంట్లో కూర్చుని ఏం చూస్తున్నావు, టీవీయా? ఈ తమ్ముడు రాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మోకాలి దాకా తీసేవాళ్ళు."

అక్క తల తిప్పి నా వైపు చూసింది. ఒక్కసారే. నా చేతిలో మందుల చీటీ ఉంది. నేను దాన్ని చదవడం మొదలుపెట్టాను. అందులో ఒక్క ముక్క నాకు అర్థం కాదు. అయినా పైనుంచి కింద దాకా చదివి, మళ్ళీ పైకి వెళ్ళాను.

"పొరపాటైపోయిందండి వదినగారూ" అంది అక్క.

అప్పుడు నోరు తెరిచి ఉంటే ఒక్క నిమిషం పని. ఆ నిమిషం దాటాక రోజురోజుకీ గోడ లేచింది. మొదటి రోజు చెబితే అక్కకి పడ్డ తిట్లు నాకు పడేవి. వారం తర్వాత చెబితే, వారం ఎందుకు దాచావని అడుగుతారు. నెల తర్వాత, నెల గురించి అడుగుతారు. 

వదినగారు బాపట్ల ఇంటికి తాళం వేసి తమ్ముడి కోసం రేపల్లె వచ్చి ఉండిపోయింది. పొద్దున్నే కట్టు విప్పేది, కడిగేది, మందు రాసి కట్టేది, అన్నీ ఆమే. అక్కని పాదం ముట్టుకోనిచ్చేది కాదు. "నువ్వు బేసిను పట్టుకో చాలు" అనేది. నలభై ఏళ్ళు ఆ ఇల్లు నడిపిన మనిషి బేసిను పట్టుకుని పక్కన నిలబడేది. పుండు మానిపోయాక కూడా అంతే. చూడటానికి వచ్చిన బంధువులు అక్క ముందే, "అదృష్టం, తమ్ముడు కళ్ళున్నవాడు" అనేవాళ్ళు. నేను వెళ్తే కుర్చీ ఫ్యాను కిందకి జరిపేవాళ్ళు. కాఫీ ముందు నాకిచ్చేవాళ్ళు. ఆ కాఫీ తెచ్చేది అక్కే. ఒక్క మాట అనేది కాదు. అనకపోవడంతో ఆమె నన్ను కాపాడుతోందో, కట్టేస్తోందో నాకు తెలిసేది కాదు.

తెనాలిలో నేను ఆ బూట్లతోనే నడిచాను. మానేస్తే ఎందుకు మానేశారని అడుగుతారు. ఆ ప్రశ్నకి భయపడి రోజూ లేసులు బిగించుకుని కాలవగట్టెక్కేవాణ్ణి. గ్రూపులో ఫొటో కూడా తీసెయ్యలేదు. తీస్తే కనపడుతుంది.

ఫిబ్రవరిలో బావగారు సంఘంలో సాక్ష్యం చెప్పారు. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, ఏదైనా గండం గడిచినవాళ్ళు ఆదివారం ఆరాధనలో లేచి అందరి ముందు దేవునికి కృతజ్ఞత చెప్పుకోవడం మాలో ఆనవాయితీ. నన్ను ప్రత్యేకంగా రమ్మన్నారు. మా చర్చిలో చెప్పులు బయట విడిచి లోపలికెళ్తాం. బావగారు నెమ్మదిగా నడిచి ముందుకెళ్ళి మైకు పట్టుకున్నారు. వేలు ఎలా పోయిందో చెప్పారు, కాలు ఎలా దక్కిందో చెప్పారు. "దేవుడు ఆరోజు మా బావమరిదిని పంపించాడు. వాడు వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని బూటు విప్పకపోతే నేనిలా నిలబడేవాణ్ణి కాదు" అన్నారు. సంఘమంతా స్తోత్రం అంది. స్త్రీల వైపు మూడో వరసలో అక్క కూర్చుని ఉంది. ఒళ్ళోని పాటల పుస్తకం వైపు చూస్తోంది.

పాస్టరుగారు నవ్వుతూ, "బావమరిదిగారు కూడా ముందుకొచ్చి రెండు మాటలు చెప్పాలి" అన్నారు. పక్కవాళ్ళు నా మోచెయ్యి పట్టి లేపారు. ముందుకెళ్ళాను. బావగారు మైకు నా చేతిలో పెట్టి భుజం మీద చెయ్యి వేశారు. రెండు వందల మంది ఉంటారు. ఇంతకంటే సరైన చోటు, సరైన సమయం ఇంకొకటి దొరకదని నాకు తెలుస్తూనే ఉంది. 

"అంతా దేవుని కృపండి" అన్నాను. అని మైకు ఇచ్చేశాను.

మళ్ళీ చలికాలం వచ్చింది. కాలవగట్టు మీద కొత్తగా చేరినవాళ్ళు ఏ సాక్సులు కొనాలని అడగడం మొదలుపెట్టారు. పలచటివి కొనండి అని చెప్పి తప్పుకునేవాణ్ణి. డిసెంబరులో ఒక ఆదివారం రేపల్లెలో భోజనానికి పిలిచారు. వంటింట్లో అక్క ఒక్కతే ఉన్నప్పుడు వెళ్ళి నిలబడ్డాను.

"అక్కా, ఇవాళ చెప్పేస్తాను."

అక్క గరిటె ఆపలేదు. "ఏం చెప్తావు?"

"నువ్వు ఫోన్ చేసిన సంగతి."

"చెప్పి?"

"నీ మీద పడ్డ మాట పోతుంది కదా."

"పోదురా. ఇంకోటి వస్తుంది. అప్పుడు చూసుకోలేదన్నారు. ఇప్పుడు చూసి కూడా దాచిందంటారు. వదినగారు తిట్టేది తిట్టేసింది, నేను పడేది పడ్డాను. నీ మనసు తేలిక చేసుకోవడానికి నన్ను మళ్ళీ మొదటినుంచి పడమంటావా? వెళ్ళి కూర్చో. చారు చల్లారిపోతుంది."

వెళ్ళి కూర్చున్నాను. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. నేను చెప్పినా ఆమెకే దెబ్బ, చెప్పకపోయినా ఆమెకే దెబ్బ. ఆ స్థితికి తెచ్చింది నేను.

అన్నాలు తింటున్నాం. బావగారు, "చలి మళ్ళీ మొదలైందోయ్ డ్రిల్లు మాస్టారూ" అన్నారు. వదినగారు నా వైపు తిరిగింది.

"కాళ్ళకి వెచ్చటి సాక్సులు కావాలి తమ్ముడూ. నువ్వే చూసి మంచివి తీసుకురా. మీ అక్కకి అప్పజెప్పేవి కావు ఇలాంటివి."

అక్క అప్పుడే పెరుగు గిన్నె పట్టుకుని వచ్చింది. ఆ మాట వింది. వినీ ముందు నాకే వడ్డించబోయింది.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట క్షమించమని కాదు. "అక్క నాకు ఫోన్ చేసిందండి" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు మొత్తం చెప్పాను. పుల్ల కొలత, దళసరి జత, చేతి కింద కదలని వేలు, బుధవారం ఫోను, సాక్సులు విప్పొద్దనడం, వరండాలో మందుల చీటీ. ఎక్కడా సర్ది చెప్పలేదు. చెబుతున్నంతసేపూ అన్నం మెతుకులు వేళ్ళకి ఎండిపోతున్నాయి.

వదినగారు అక్క వైపే తిరిగింది.

"నువ్వు చూశావా?"

"చూశానండి. బుధవారం. చిక్కుడు గింజంత ఎరుపు. వేలి బయటి పక్కన."

"చూసి వీణ్ణడిగావా? వీడు డాక్టరా? పిల్లల చేత గంతులేయించేవాడు! ముప్పై ఏళ్ళు నర్సుగా చేశాను నేను. నా నంబరు లేదా నీ దగ్గర?"

"ఉందండి."

"మరి?"

అక్క పెరుగు గిన్నె బల్ల మీద పెట్టింది. "మీకు చేస్తే తిడతారని భయమేసిందండి. నలభై ఏళ్ళుగా ఏం అడిగినా ముందు తిట్టి తర్వాత చెప్తారు. మెత్తగా చెప్పే మనిషిని అడిగాను."

వదినగారు లేచి, కంచం తనే తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

బావగారు నా వైపు తిరిగారు. "అదేంటోయ్, నేను చర్చిలో అంతమంది ముందు నిన్ను దేవుడు పంపాడని చెప్పానే" అన్నారు. కోపం లేదు. మోసపోయిన మనిషి ముఖం. 

"వచ్చే ఆదివారం లేచి నేనే చెప్తాను బావగారూ."

"వద్దు. నా సాక్ష్యం ఏమైపోతుంది? నన్ను నవ్వులపాలు చెయ్యకు."

కంచం పక్కకి జరిపి, "వేలు పోయింది నాది. ఏడాది మాటలు పడింది మీ అక్క. నువ్వు కుర్చీలో కూర్చుని కాఫీ తాగావు. అదీ లెక్క" అన్నారు. నేను తలూపాను.

వీధి గుమ్మం దగ్గర అక్క నాతో ఒక్కటే మాట అంది. "చెప్పొద్దన్నాను కదరా." అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. మర్నాడు గ్రూపులో ఆ ఫొటో కింద జరిగింది రాసి, షుగరున్నవాళ్ళు నా మాట మీద ఏదీ వేసుకోవద్దని రాశాను. గుమాస్తా ఫోన్ చేసి, "ఎందుకండీ మాస్టారూ, ఇదంతా ఇప్పుడు" అన్నాడు. సంఘంలో మాత్రం నేనింకా కళ్ళున్న తమ్ముణ్ణే. ఇది రాస్తానని బావగారిని అడిగితే, "రాసుకో. మైకు మాత్రం పట్టుకోకు" అన్నారు.

వదినగారు తర్వాతి వారమే బాపట్ల వెళ్ళిపోయిందట. వెళ్ళేటప్పుడు కాలి గురించి అక్కకి ఏమీ చెప్పలేదట. ఇది బావగారు ఫోన్లో చెప్పారు. ఆయన ఇప్పటికీ వారానికోసారి చేస్తారు. మొన్న నేను మనసాగక, సాక్సుల సంగతి ఏం చేశారని అడిగాను.

"మీ అక్క కొన్నది. తనే బజారుకెళ్ళింది. తెల్లవి, వదులువి. తిరగేసి తొడుగుతోంది. కుట్లు పైకుంటే వేలికి ఒరుసుకోవట. తెల్లవైతే చుక్క పడినా కనపడుతుందట."

"ఎవరు చెప్పారు బావగారూ, వదినగారా?"

"ఎవరూ చెప్పలేదోయ్. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కాలు ఒళ్ళో పెట్టుకుని వేలు వేలుకీ మధ్య చూస్తోంది. ఉన్నవి తొమ్మిదే కదా, త్వరగానే అయిపోతోందిలే."

"ఒకసారి అక్కకిస్తారా?"

అటువైపు బావగారు ఫోన్ పక్కకి పెట్టి పిలవడం వినపడింది. అక్క గొంతు దూరంగా ఏదో అంది. 

"పనిలో ఉందోయ్" అన్నారు బావగారు.